సూపర్‌స్టార్ కృష్ణ గారి వర్ధంతి, మన పెట్టెల్లో ఉన్న పాత సరుకు: తెలిసినవాళ్ళు చెప్పండి

నేలటిక్కెట్టు (తెనాలి)

అందరికీ నమస్కారం. 2022 నవంబరు 15 తెల్లవారుజామున కృష్ణ గారు వెళ్ళిపోయారు. అదే ఏడాది జనవరిలో ఆయన పెద్దకొడుకు రమేశ్‌బాబు గారు, సెప్టెంబరు 28న భార్య ఇందిరాదేవి గారు పోయారు. ఒకే ఇంట్లో ఏడాదిలో మూడు చావులు. సెప్టెంబరు 11న కృష్ణంరాజు గారు, డిసెంబరు 23న కైకాల గారు, 25న చలపతిరావు గారు, జనవరి 27న జమున గారు, ఫిబ్రవరి 2న విశ్వనాథ్ గారు, 4న వాణీ జయరాం గారు. అయిదు నెలలు తిరక్కుండా ఒక తరం ఖాళీ అయిపోయింది. ఒకరి పెద్దకర్మ కాకముందే ఇంకొకరి కబురు. ఆ దెబ్బ నుంచి తేరుకోనివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

2026లో నవంబరు 15 ఆదివారం పడింది. దండ వేసి, ఫొటో దిగి వెళ్ళిపోయే వర్ధంతి వద్దని అనుకుంటున్నాం. అడగాల్సినవి మూడు. అభిమాన సంఘాల ట్రంకుపెట్టెల్లో మడతలు పడి ఉన్న పోస్టర్లు, పాటల పుస్తకాలు, ఈపీలు (చిన్న గ్రామఫోన్ రికార్డులు) ఎలా కాపాడాలి? రక్తదాన శిబిరం పద్ధతిగా ఎలా పెట్టాలి? పాత సినిమా ఒక షో వేయాలంటే ఏమేం కావాలి? పని తెలిసినవాళ్ళు వివరంగా రాయండి.

కాగితం_పని (రాజమండ్రి)

ముందు పోస్టర్ల సంగతి. ఆ కాగితం చవక రకం, పుల్లటి రకం. దాని లోపలి ఆమ్లమే దాన్ని తింటుంది. ఎండ, తేమ, పురుగు ఆ పనిని తొందరపెడతాయి. మడత మీదే మొదట చిరుగుతుంది, ఎందుకంటే అక్కడ నారలు ఎప్పుడో తెగిపోయి ఉంటాయి.

మడత విప్పే పద్ధతి: పోస్టరు కంటే పెద్ద బల్ల, దాని మీద శుభ్రమైన తెల్ల కాగితం. పొడి రోజు చూసుకుని ఫ్యాను కట్టేయండి. ఒక మడత విప్పి పది నిమిషాలు ఆగండి, తరవాత రెండోది. పెళుసుగా ఉండి చిటపటమంటే అక్కడే ఆపేయండి. మెత్తటి బ్రష్షుతో మధ్య నుంచి అంచులకు దుమ్ము తోలండి. తడిబట్ట పెట్టకండి, ఇస్త్రీ పెట్టె అసలు తాకించకండి. విప్పాక పైనా కిందా బ్లాటింగ్ పేపరు వేసి, పైన ప్లైవుడ్ చెక్క, దాని మీద సమానంగా బరువు పెట్టి మూడు రోజులు వదిలేయండి. మడత గీత పూర్తిగా పోదు. పోకపోయినా ఫర్వాలేదు.

చిరుగుకు సెల్లోటేపు వేస్తారు, అది పెద్ద తప్పు. కొన్నేళ్ళకు జిగురు పసుపు తిరిగి కాగితంలోకి ఇంకిపోతుంది, టేపు ఊడిపోతుంది, మరక ఉండిపోతుంది. బైండింగ్ వాళ్ళ మైదా లై కూడా వద్దు. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు, అది కాగితాన్ని గోధుమరంగుకు తిప్పుతుంది. కావాల్సింది గోధుమ పిండిలో జిగురు తీసేసిన శుద్ధమైన స్టార్చి. ఒక వంతు స్టార్చికి అయిదు వంతుల నీళ్ళు, సన్న సెగ మీద ఇరవై అయిదు నిమిషాలు ఆపకుండా కలపాలి. చల్లారాక జల్లెడలో వడగట్టాలి. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు నిలవుంటుంది, పులిసిన వాసన వస్తే పారబోయండి. పల్చటి జపనీస్ టిష్యూను (కాగితం మరమ్మతుకు వాడే గట్టి నార కాగితం) కత్తిరించకుండా చేత్తో చించి, పోస్టరు వెనకవైపు మాత్రమే అతికించండి. చించిన అంచుకు నూగు ఉంటుంది, అది కాగితంతో కలిసిపోతుంది. కత్తిరించిన అంచు దగ్గర కొత్త మడత పుడుతుంది.

గుంటూరు_మార్నింగ్‌షో

మాస్టారూ, లామినేషన్ చేయిస్తే శాశ్వతంగా ఉంటుందని చాలామంది చేయించేశారు. అది మంచిదేనా?

కాగితం_పని (రాజమండ్రి)

కాదు బాబూ. వేడి మీద ప్లాస్టిక్ జిగురు కాగితం లోపలికి దిగిపోతుంది, ఇక వేరు చేయలేం. లోపలి ఆమ్లం బయటికి పోయే దారి ఉండదు. అంచులో కాస్త సందు దొరికితే తేమ చేరి లోపలే బూజు పడుతుంది. చేయించినవాటిని పీకే ప్రయత్నం చేయకండి. ఎండ తగలకుండా ఉంచి, ముందు వాటినే స్కాన్ చేయండి. చేయించనివాటికి పాలిస్టర్ షీటు కవర్లు వాడండి. మెత్తటి పీవీసీ కవర్లు మాత్రం వద్దు, రెండు మూడు వేసవులకు సిరా వాటికి అంటుకుంటుంది.

ఇంకొక్క మాట. పోస్టరు కింద అతికించిన థియేటరు స్లిప్పు ఉంటే పీకేయకండి. ఏ ఊళ్ళో, ఏ హాల్లో, ఎన్ని ఆటలతో ఆడిందో చెప్పేది ఆ స్లిప్పే. చాలా సినిమాలకు ఆ ఊరి రికార్డు ఇంకెక్కడా మిగల్లేదు. అడుగున సన్నక్షరాల్లో ఉండే ప్రెస్సు పేరు, మూల మీద డిజైనరు సంతకం కూడా కేటలాగులో రాసుకోండి. ఈశ్వర్ గారి సంతకం ఉన్నవి ఎన్నో ఉంటాయి, ఆయన కూడా 2021లో పోయారు. సంతకం ఒక మూలే కదా అని ఫ్రేము కోసం అంచు కత్తిరిస్తుంటే చూడలేం.

బూరుగుపల్లి_ఫ్యాన్

పోస్టరు మీద ఆ ముఖం అలాగే ఉంది. టోపీ, ఆ నవ్వు. విప్పి చూడాలంటే గుండె ఒప్పుకోవట్లేదు. అందరూ పని గురించి రాస్తుంటే చదువుతున్నాను, అదే కాస్త ఊరట.

పురుగు_మందు (ఏలూరు)

కలరా ఉండలు పోస్టర్ల మధ్యలో పెట్టకండి. ఆ ఆవిరి సిరా మీద, ఫొటోల మీద పనిచేస్తుంది, మూసిన గదిలో మనిషికీ మంచిది కాదు. వేపాకు పచ్చిది వేస్తే అందులోని తడే బూజుకు విత్తనం. బాగా ఎండినది గుడ్డ సంచిలో కట్టి పెట్టె మూలన పెట్టుకోవచ్చు. అయితే వేపాకు పురుగును రానీయకపోవచ్చు గానీ, ఉన్న పురుగును చంపదు.

రామబాణం పురుగు, చిమ్మెట పట్టిన పాటల పుస్తకాలకు డీప్ ఫ్రీజర్ వైద్యం ఉంది. పుస్తకాలను జిప్ కవర్లో పెట్టి, గాలి తీసేసి, మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక కవరు వెంటనే విప్పకండి. 24 గంటలు అలాగే వదిలేయాలి, లేకపోతే గదిలో తేమ చల్లటి కాగితం మీద నీటిబొట్లుగా పడుతుంది. రికార్డులకు, అద్దం బిగించిన ఫొటోలకు ఇది చేయకూడదు.

చెదలకు మందు పుస్తకానికి కాదు, గోడకు కొట్టించాలి. ట్రంకుపెట్టె నేల మీద ఉండకూడదు, గోడకు ఆనకూడదు. నాలుగు ఇటుకల మీద ఎత్తి, గోడకు జానెడు ఎడం పెట్టండి. చెద వస్తే మట్టి దారి కనబడాలి, కనబడితేనే మనం ఆపగలం. వానాకాలంలో పెట్టెకో పది నీలిరంగు సిలికా జెల్ (తేమ పీల్చే గుళికలు) పొట్లాలు వేసి, గులాబీరంగుకు తిరిగినప్పుడల్లా వేయించి మళ్ళీ పెట్టండి.

నేలటిక్కెట్టు (తెనాలి)

పాటల పుస్తకాల పిన్నులన్నీ తుప్పు పట్టి ఉన్నాయి. మధ్య పేజీలు ఊడి వస్తున్నాయి.

కాగితం_పని (రాజమండ్రి)

పిన్ను పట్టి లాగకండి. పుస్తకం నడిమి పేజీ తెరవండి, పిన్ను కాళ్ళు అక్కడ వంగి ఉంటాయి. వాటి కింద పల్చటి స్టీలు రేకు గాని, మొండి చాకు గాని దూర్చి ఒక్కో కాలును నిలబెట్టండి. తరవాత వెనకవైపు నుంచి మెల్లగా బయటికి తోయండి. తుప్పుకు కాగితం అంటుకుని ఉంటే ఆ చుట్టూ కాగితం కొంచెం రాలుతుంది, భయపడకండి. అవే రంధ్రాల్లోంచి తెల్ల నూలు దారంతో మూడు కుట్లు వేస్తే చాలు. కొత్త పిన్ను కొట్టొద్దు, పదేళ్ళకు మళ్ళీ ఇదే కథ.

స్కానింగు: పాటల పుస్తకానికి 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు), రంగుల్లోనే. నలుపు తెలుపు పేజీ అయినా రంగుల్లోనే తీయాలి, మరక ఏది అక్షరం ఏది అనేది తరవాత రంగును బట్టే తెలుస్తుంది. పోస్టరు 30 అంగుళాలకు 40 అంగుళాలు ఉంటే మామూలు స్కానరు చాలదు. గోడకు నిలబెట్టి కెమెరాతో తీయండి. రెండు లైట్లు, రెండు వైపుల నుంచి 45 డిగ్రీల్లో పెట్టాలి. ఫ్లాష్ వద్దు, మడతల మీద మెరుపు కొడుతుంది. ఫోనులో తీసి వాట్సాప్‌లో పంపుకుంటే సగం వివరం అక్కడే పోతుంది.

డాలస్_తెలుగు

ఫైళ్ళు మూడు కాపీలు ఉండాలి. రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో, ఒకటి వేరే ఊళ్ళో ఉన్నవాళ్ళ దగ్గర గాని క్లౌడ్‌లో గాని. హార్డ్ డిస్కు బీరువాలో పెట్టి మర్చిపోతే అదీ చస్తుంది. ఆర్నెల్లకొకసారి తెరిచి చూడాలి. ఫైలు పేరు సినిమా, సంవత్సరం, వస్తువు, ఊరు అనే వరసలో పెట్టండి. వెయ్యి ఫైళ్ళకు కెమెరా ఇచ్చిన నంబర్లే పేర్లుగా ఉంటే అవి ఉన్నా లేనట్టే.

పాతరికార్డు (విజయవాడ)

ఈపీలు, ఎల్పీలు (పెద్ద రికార్డులు) వినైలు అనే ప్లాస్టిక్‌వి. డిస్టిల్డ్ వాటరులో మెత్తటి సబ్బు ఒక్క చుక్క కలిపి, మైక్రోఫైబరు గుడ్డతో గాడి వెంట గుండ్రంగా తుడవాలి, అడ్డంగా కాదు. నడుమ లేబులు తడవకూడదు. నిలబెట్టి పెట్టాలి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే వంగిపోతాయి.

ఎన్టీఆర్, ఏఎన్నార్ గార్ల అభిమానులూ ఇది చదువుతున్నట్టున్నారు, వాళ్ళ దగ్గర 78 ఆర్పీఎం రికార్డులు ఉంటాయి. అవి లక్కవి. స్పిరిట్‌తో తుడిస్తే లక్క కరిగిపోతుంది, పాట అక్కడితో సమాధి. ఎల్పీ సూదితో వాటిని ఆడించకూడదు, గాడి వెడల్పు వేరు. పాత గ్రామఫోన్ మీద స్టీలు సూది ఒక పక్కకు ఒకటే, రెండో పక్కకు మార్చాల్సిందే. అరిగిన సూది ఘంటసాల గారి గొంతును పొడిపొడిగా గీసేస్తుంది. ఆయన 1974లో పోయారు, కొన్ని ప్రైవేటు పాటలకు మంచి కాపీలు ఈ లక్క రికార్డుల్లోనే మిగిలాయి.

బ్లడ్‌క్యాంపు (హైదరాబాదు)

రక్తదానం గురించి. సంఘం సొంతంగా శిబిరం పెట్టడానికి లేదు, లైసెన్సున్న బ్లడ్‌బ్యాంకు వచ్చి తీసుకోవాలి. నెల ముందే వాళ్ళను కలిసి మొదట అడగాల్సింది, ఆ రోజు మీరు ఎన్ని యూనిట్లు తీసుకోగలరని. ఎంతమంది వస్తారో చెప్పడం తరవాత. అభిమానులు రికార్డు కోసం ఒకే రోజు వందలకొద్దీ ఇచ్చేస్తారు. మామూలు సంచిలో పూర్తి రక్తం 35 రోజులు నిలవుంటుంది, వేరుచేసిన ఎర్రకణాలు 42 రోజులు, ప్లేట్‌లెట్లు 5 రోజులే. వాడకం కంటే ఎక్కువ చేరితే పారబోయాల్సి వస్తుంది. ఆయన పేరు మీద ఇచ్చిన రక్తం పారబోతకు పోకూడదు కదా.

కృష్ణ గారి అభిమానులకు క్యాలెండరు కలిసొచ్చింది. వర్ధంతి నవంబరు 15, జయంతి మే 31. మధ్యలో 197 రోజులు. మగవాళ్ళకు 90 రోజులు, ఆడవాళ్ళకు 120 రోజులు ఎడం ఉండాలి, కాబట్టి ఒకే మనిషి రెండు రోజులూ ఇవ్వచ్చు. సగం ఇప్పుడు, సగం మేలో పెట్టండి. ఎండాకాలంలోనే రక్తానికి కటకట.

వయసు 18 నుంచి 65. బరువు 45 కిలోలు దాటితే 350 మిల్లీలీటర్లు, 55 దాటితే 450 తీస్తారు. హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. పచ్చబొట్టు వేయించుకుని ఏడాది కానివాళ్ళు ఇవ్వకూడదు. ఆయన బొమ్మ చేతి మీద కొత్తగా పొడిపించుకుని ఇదే శిబిరానికి వచ్చేవాళ్ళు ఉంటారు, ముందే కరపత్రంలో రాయండి. డెంగీ, మలేరియా వచ్చి తగ్గినవాళ్ళు డాక్టరుకు చెప్పాలి.

ఇంకోటి, నవంబరు అంటే కార్తీకం. ఉపవాసాలు, అయ్యప్ప మాలలు. ఖాళీ కడుపుతో ఇస్తే పడిపోతారు. మాలలో ఉన్న స్వాములకు భిక్ష అయ్యాకే టైము ఇవ్వండి. ఇచ్చే ముందు అరలీటరు నీళ్ళు తాగించండి. ఇచ్చాక పది పదిహేను నిమిషాలు పడుకోబెట్టాలి. కళ్ళు తిరిగితే కాళ్ళు ఎత్తి పెట్టండి, చుట్టూ మూగకండి. వరసలో నిలబడ్డవాళ్ళకు మంచాలు కనబడకుండా తెర కట్టండి. ఒకరు పడిపోవడం చూస్తే వెనక ఇద్దరు పడతారు, ముఖ్యంగా మొదటిసారి వచ్చిన కుర్రాళ్ళు.

గుంటూరు_మార్నింగ్‌షో

నేత్రదానం కూడా పెడదామని కొందరు అంటున్నారు.

బ్లడ్‌క్యాంపు (హైదరాబాదు)

పెట్టండి. 2021 అక్టోబరు 29న పునీత్ రాజ్‌కుమార్ గారు పోయినప్పుడు ఆయన కళ్ళు ఇచ్చారు, నలుగురికి చూపొచ్చింది. 2006లో వాళ్ళ నాన్నగారు రాజ్‌కుమార్ గారివీ ఇచ్చారు. ఆ తరవాత కన్నడ అభిమానులు నేత్రదానానికి బారులు తీరారు. మన హైదరాబాదులో కంటి ఆసుపత్రికి ఎల్.వి.ప్రసాద్ గారి పేరుంది, ఆయన కుటుంబం ఇచ్చిన స్థలంలోనే అది లేచింది. సినిమావాళ్ళ పేరుతో కళ్ళు ఇవ్వడం మనకు కొత్త కాదు.

అయితే కాగితం మీద సంతకం చేసినంత మాత్రాన కళ్ళు అందవు. ఆ సమయానికి ఇంట్లోవాళ్ళు ఐ బ్యాంకుకు ఫోను చేయాలి. అందుకే సంతకం చేసినవాళ్ళ చేత ఇంట్లో ఇద్దరికి చెప్పించండి. పోయిన ఆరు గంటల్లోపు తీయాలి. ఐ బ్యాంకువాళ్ళు వచ్చేలోగా రెప్పలు మూసి, పైన తడి దూది పెట్టి, తల కింద దిండు పెట్టి, ఫ్యాను ఆపేయాలి. కళ్ళజోడున్నా, శుక్లం ఆపరేషన్ అయినా, షుగరున్నా ఇవ్వచ్చు.

ఆపరేటరు_రూమ్ (ఖమ్మం)

షో సంగతి నేను చెప్తాను. యూట్యూబ్‌లో ఉన్నది దించి వేద్దామనుకుంటే మానుకోండి. హక్కులున్నవాళ్ళ అనుమతి లేకుండా పబ్లిక్‌గా వేయడం నేరం, పైగా తెర మీద బొమ్మ పిండిపిండిగా కనబడుతుంది. ముందు హక్కులు ఎవరి దగ్గరున్నాయో కనుక్కోండి, తరవాత డీసీపీ (థియేటరులో వేసే డిజిటల్ కాపీ) ఉందో లేదో అడగండి. 2023 మే 31న కృష్ణ గారి మోసగాళ్ళకు మోసగాడు 4కేలో వచ్చింది. అలా డిజిటల్‌కు ఎక్కినవైతే సులువు.

డీసీపీతో పాటు కేడీఎం అనే తాళం వస్తుంది. అది ఆ థియేటరు సర్వరుకే, ఆ టైముకే పనిచేస్తుంది. తాళం పదింటి నుంచి పదకొండు వరకే అడిగి, దండలు, ఉపన్యాసాలు అయ్యేసరికి పదకొండున్నర అయితే సినిమా మొదలే కాదు. ముందూ వెనకా నాలుగేసి గంటలు కలిపి అడగండి. సినిమా సర్వరులోకి ఎక్కడానికి గంట పైనే పట్టొచ్చు, ముందు రోజు రాత్రే ఎక్కించి ఒక రీలంత వేసి చూసుకోండి.

ముఖ్యమైనది బొమ్మ కొలత. తెలుగులో మొదటి సినిమాస్కోప్ (బాగా వెడల్పాటి బొమ్మ) కృష్ణ గారి అల్లూరి సీతారామరాజు, 1974. స్కోప్ సినిమాను ఫ్లాట్‌లో, అంటే తక్కువ వెడల్పు కొలతలో వేస్తే మనుషులు సాగిపోయి గడకర్రల్లా ఉంటారు, లేదా పక్కలు తెగిపోతాయి. టీవీ కాపీల్లో పక్కలు తెగిన బొమ్మే చూసీ చూసీ అసలు ఫ్రేములో గుంపు ఎంత ఉందో జనం మర్చిపోయారు. ఆపరేటరుకు చెప్పి స్కోప్ ఫార్మాటు పెట్టించండి, తెర పక్క పరదాలు పూర్తిగా తెరిపించండి.

హాల్లో టపాసులు, మంట కాగడాలు, హారతులు వద్దు. తెరకు చిన్న రవ్వ తగిలినా ఆ మచ్చ మీదే ఇక ముందు ప్రతి సినిమా చూడాలి. మచ్చ దిద్దడం కుదరదు, తెర మొత్తం మార్చాలి. ఆ డబ్బు భయంతోనే హాలువాళ్ళు పాత సినిమాలకు ఒప్పుకోవట్లేదు.

ఫ్లెక్సీ_డిజైన్ (ఒంగోలు)

10 అడుగులకు 8 అడుగుల ఫ్లెక్సీకి 72 డీపీఐ చాలు, అంటే 8640కి 6912 పిక్సెళ్ళు. వాట్సాప్ ఫొటో సాగదీస్తే ఆయన ముఖం గళ్ళుగళ్ళుగా వస్తుంది. పుట్టిన తేదీ 1943 మే 31, ఊరు బుర్రిపాలెం. ఏటా ఎవరో ఒకరు తప్పు వేస్తున్నారు, ప్రూఫు ఇద్దరు చదవాలి.

కట్టేటప్పుడు పైన తీగ చూడండి. 2020 సెప్టెంబరులో కుప్పం దగ్గర హీరో పుట్టినరోజు బ్యానరు కడుతూ ముగ్గురు కుర్రాళ్ళు షాకు కొట్టి చనిపోయారు. ఇనుప ఫ్రేము నిలబెట్టేటప్పుడు గాలికి వాలి తీగకు తగులుతుంది. కరెంటు లైనుకు కనీసం పదడుగుల దూరం పెట్టండి, వెదురు ఫ్రేమే వాడండి. రాత్రిపూట కట్టొద్దు, వాన తడిలో అసలే వద్దు. కరెంటాఫీసులో చెప్పి ఆ కాసేపు లైను ఆపించుకోవడం ఇంకా మంచిది.

తోడు (విశాఖ)

ఇందాక ఒకాయన గుండె ఒప్పుకోవట్లేదని రాశారు. అలాంటివాళ్ళు ప్రతి సంఘంలోనూ ఉంటారు. సినిమా హీరో కోసం అంత ఏడుపేమిటి అని ఇంట్లోవాళ్ళు అంటారు కాబట్టి బయటికి చెప్పరు. ఏడవడం జబ్బు కాదు. రెండు వారాలు దాటినా తిండి, నిద్ర లేకపోవడం, పనికి పోకపోవడం, తాగుడు పెరగడం, ‘ఆయన లేని లోకం నాకెందుకు’ లాంటి మాటలు రావడం, ఇవి కనబడితే వదిలేయకండి. ఒంటరిగా ఉంచకండి, చచ్చిపోవాలని ఉందా అని సూటిగా అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందనేది అపోహ. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఆ నంబరు వర్ధంతి కరపత్రం అడుగున వేయండి. అభిమాని ఎవరైనా ప్రాణం తీసుకుంటే దాన్ని త్యాగమని ఫ్లెక్సీ వేయకండి. అది చూసి ఇంకొకరు పోతారు.

పోస్టర్లు విప్పే పనికి అలాంటివాళ్ళను పిలవండి. బల్ల దగ్గర ఇద్దరు కావాలి, ఒకరు పట్టుకోవాలి, ఒకరు విప్పాలి.

బూరుగుపల్లి_ఫ్యాన్

వస్తాను. ఒక సందేహం. పెద్ద పోస్టరులో మడత సరిగ్గా ముఖం మీదుగా పోయింది. ఒక కన్ను దగ్గర రంగు రాలి తెల్లగా ఉంది. ఆర్టిస్టు చేత దిద్దించి, ఫ్రేము కట్టించి వర్ధంతికి పెట్టొచ్చా?

కాగితం_పని (రాజమండ్రి)

అసలుదాని మీద కుంచె పెట్టించకండి. ఈ రోజు కలిసిన రంగు అయిదేళ్ళకు వేరే రంగుకు తిరుగుతుంది, అప్పుడు కన్ను ఇంకా వికారంగా కనబడుతుంది. ఉన్నదున్నట్టు ఫొటో తీయండి. కంప్యూటరులో ఆ ఫైలు కాపీ మీద కన్ను దిద్దించి, అదే సైజులో మ్యాట్ కాగితం మీద ప్రింటు తీయించండి. సభలో పెట్టేది ఆ ప్రింటే. అసలు పోస్టరు వెనక చిరుగుకు టిష్యూ వేసి, కవర్లో పెట్టి, మడవకుండా పరిచి పెట్టెలోనే ఉంచండి. తరవాత ఎప్పుడైనా ఫ్రేము కట్టించినా అద్దం కాగితానికి తగలకుండా మధ్యలో అట్ట చట్రం పెట్టించండి.

దండ కూడా ప్రింటుకే వేయండి. బంతిపూల తడి, కుంకుమ అసలు కాగితానికి తగిలితే ఆ మరక ఇక పోదు.